మేనమామకు మినహాయింపు లేదు

పదివేల ఏళ్ళ క్రితం మానవజాతి వ్యవసాయం మొదలుపెట్టి పెద్ద పొరపాటు చేసింది. ఆ పొరపాటును దిండిగల్ పట్టణంలోని ఒక ఇంటి మేరకు సరిదిద్దుతున్నట్టు, ఆడి (అంటే ఆషాఢ) మాసంలో ఒక ఆదివారం పొద్దున, అళగర్‌సామి తన వంటగది గుమ్మంలో నిలబడి ప్రకటించాడు. బియ్యం, గోధుమలు, పప్పులు, చక్కెర, బెల్లం ఇకమీదట ఈ ఇంట్లో చెల్లవు. మాంసం, చేపలు, గుడ్లు, నెయ్యి, కొబ్బరి, నేలకు పైన కాసే కూరగాయలు చెల్లుతాయి. నిప్పు వాడుకోవచ్చు. (నిప్పు విషయంలో మొదట్లో భిన్నాభిప్రాయాలు ఉండేవని, పచ్చిమాంసం తినడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో ఏకగ్రీవంగా అనుమతించారని తర్వాత తెలిసింది.)

ప్రకటన వినడానికి హాజరైనవారు ఇద్దరు. భార్య ధనపాక్యం అప్పుడే రుబ్బిన ఇడ్లీ పిండిలో ఉప్పు కలుపుతోంది. తల్లి పేచ్చియమ్మాళ్ గుమ్మం పక్కన కూర్చుని చిన్నుల్లిపాయలు వలుస్తోంది.

"ఎవురు పోయినార్రా?" అని అడిగింది తల్లి.

ఎవరూ పోలేదని కొడుకు చెప్పాడు. ఎవరూ పోకుండా ఇంట్లో అన్నం ఎందుకు వండరో ఆవిడకు అర్థం కాలేదు. డెబ్బై ఏళ్ళు దాటిన జీవితంలో అన్నం వండని రోజులు ఆవిడకు గుర్తున్నాయి. వాటన్నిటికీ ఏడుపులు కూడా ఉన్నాయి.

అళగర్‌సామి వయసు యాభై ఒకటి. ఒక ప్రభుత్వ కార్యాలయంలో హెడ్ క్లర్కు. ఏ కార్యాలయమన్నది అనవసరం. అన్నీ ఒకేలా ఉంటాయి, ఫ్యాన్ల చప్పుడు మాత్రమే వేరు. అర్హత లేని దరఖాస్తును కాగితం మడతను బట్టే పసిగడతాడని అతనికి పేరు. లంచం ముట్టడు. జాలి కూడా ముట్టడు. సంతకం లేని మాట మాట కాదు, తేదీ లేని సంతకం సంతకం కాదు అన్నది అతని సిద్ధాంతం.

అలాంటి మనిషికి ఆ వేసవిలో చక్కెర వ్యాధి బయటపడింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, మాత్రలు రాసి, అన్నం తగ్గించండి, సాయంత్రాలు నడవండి అని చెప్పింది. మంచి సలహాయే. కానీ నోటితో చెప్పింది. ఎంత తగ్గించాలి, తగ్గించారో లేదో ఎవరు తనిఖీ చేస్తారు, తగ్గించకపోతే ఎవరికి సంజాయిషీ ఇచ్చుకోవాలి అన్న ప్రశ్నలకు ఆమె దగ్గర జవాబు లేదు. అంత స్వేచ్ఛను ఏం చేసుకోవాలో అళగర్‌సామికి తోచలేదు. ఇంటికొచ్చి, భయంతో రోజూకంటే రెండు ఇడ్లీలు ఎక్కువే తిన్నాడు.

భయపడడానికి కారణం ఉంది. తండ్రిదీ ఇదే జబ్బు. మదురై పెద్దాసుపత్రిలో ఆయన కుడికాలు మోకాలి కింద తీసేశారు. అంతకుముందు వారమే కొత్త చెప్పులు కొన్నాడాయన. ఎడమది అరిగిపోయేదాకా తొడుక్కున్నాడు. కుడిది ఆయన పోయేదాకా మంచం కింద కొత్తగానే ఉండిపోయింది. ఆ చెప్పు గురించి అళగర్‌సామి ఎవరితోనూ మాట్లాడడు. కానీ ఈ వేసవి నుంచి స్నానం చేశాక రెండు పాదాలనూ తుడుచుకుని, వేళ్ళ సందులు కూడా చూసుకుంటున్నాడు.

అప్పుడే ఆఫీసులో ఎవరో ఫోన్‌లో 'ఆదిమ ఆహార సంఘం' చూపించారు. లక్షల మంది సభ్యులున్న గ్రూపు అది. గుహల్లో బతికిన మన పూర్వీకులకు చక్కెర వ్యాధి లేదు, రక్తపోటు లేదు, పొట్ట లేదు, కాబట్టి వాళ్ళు తిన్నదే తినాలన్నది దాని మూలసూత్రం. (వాళ్ళు ముప్పై ఏళ్ళకే పోయేవాళ్ళు కదా అని అడిగిన ఒక సభ్యుణ్ణి, పోయినప్పుడు మాత్రం పొట్ట లేదు కదా అని నోరు మూయించారు.) అళగర్‌సామిని ఆకట్టుకున్నది సూత్రం కాదు. అక్కడి పరిపాలన.

చేరాలంటే దరఖాస్తు పెట్టాలి. దానికి రక్తపరీక్ష రిపోర్టు జతచేసి, అందరూ చూసేలా గ్రూపులో పెట్టాలి. (పెళ్ళిసంబంధాలు చూసేవాళ్ళు జాతకాలు పక్కనబెట్టి ఈ గ్రూపు చూస్తున్నారని వినికిడి.) రిపోర్టును కాలేయ విభాగం, కొవ్వు విభాగం, చక్కెర విభాగం వరుసగా పరిశీలించి ఆహారపట్టిక మంజూరు చేస్తాయి. తర్వాత రోజూ తినే ప్లేటు ఫోటో పెడితే, పరిశీలకులు చూసి సక్రమం, అక్రమం అని ముద్ర వేస్తారు. ఆదిమానవుడు టీ తాగేవాడా అన్న ప్రశ్న మీద ఒక ఉపసంఘం వేశారు. టీ పొడి కూడా ఆకే గనుక దాన్ని ఆకుకూరగా పరిగణిస్తూ, అందులో పాలకు బదులు వెన్న వేసుకోవాలని అది తీర్పు చెప్పింది. వీటన్నిటి మీదా ఒక పెద్ద అడ్మిన్ ఉన్నాడు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. 'గుహవాసి' అని సంతకం చేస్తాడు. కింద తేదీ వేస్తాడు.

ఆ తేదీ చూడగానే అళగర్‌సామికి, తన ప్రాణం సరైన చేతుల్లో పడిందన్న నమ్మకం కుదిరింది.

ధనపాక్యం ఎదురు చెప్పలేదు. ఆమెకు గుహల సంగతి తెలియదు, మామగారి కాలు సంగతి తెలుసు. ఇడ్లీ పిండి పొరుగింటికి ఇచ్చేసి కొత్త వంట నేర్చుకుంది. కాలీఫ్లవర్‌ను కొబ్బరికోరులా తురిమి, ఆవాలు కరివేపాకు తాలింపు వేసి అన్నంలా చేసింది. మునగాకులో గుడ్లు కొట్టి పొరటింది. కొబ్బరిపాలలో వంజరం ముక్కలు ఉడికించింది. సొరకాయను దారాల్లా తరిగి నాటుకోడి పులుసు పోసింది. చింతపండు ఉండవచ్చా అన్న విషయం సంఘంలో పెండింగులో ఉన్నందున, తీర్పు వచ్చేదాకా టమాటాలతో నెట్టుకొచ్చింది. వంట బాగుంటోందని ఆమెకే తెలుస్తోంది. మోకాళ్ళ నొప్పి తగ్గి, మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. అయితే ఆమె సంఘంలో సభ్యురాలు కాదు గనుక, ఆ తగ్గుదల ఎక్కడా నమోదు కాలేదు.

పేచ్చియమ్మాళ్ మాత్రం, ఇంకెన్నాళ్ళని ఈ ఆదిమానవం, నేను మనిషిగానే పోతా అని చెప్పి, తనకు వేరే చిన్నగిన్నెలో అన్నం వండించుకుంది. దాన్ని ఫోటోల్లో పడకుండా చీర కొంగు చాటున తినేది.

పడకూడనిదే ఒకరోజు పడినట్టయింది. కాలీఫ్లవర్ అన్నం ఫోటో కింద ఒక పరిశీలకుడు, 'ప్లేటులో తెల్లటి అనుమానాస్పద పదార్థం గలదు, సంజాయిషీ ఇవ్వవలెను' అని రాశాడు. అళగర్‌సామి సర్వీసులో ఎన్నో సంజాయిషీలు అడిగాడు గానీ, ఇవ్వడం ఇదే మొదలు. ఆ సాయంత్రమే కొత్త కాలీఫ్లవర్ కొనుక్కొచ్చి, పక్కన ఆనాటి దినపత్రిక పరిచి, సాక్షిగా భార్యను నిలబెట్టి, సగం తురిమిన దశలో ఫోటో తీసి పంపాడు. కాలీఫ్లవర్ కాలీఫ్లవరేనని సంఘం ధ్రువీకరించింది. ఆ రాత్రి అతనికి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్ర పట్టింది.

అతని చొక్కాలు వదులయ్యాయి. చక్కెర దిగడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ సంతోషించి ఒక మాత్ర తగ్గించింది. ఊరు మాత్రం వేరేలా అర్థం చేసుకుంది. మా ప్రాంతంలో మనిషి లావైతే ఉద్యోగం, సన్నబడితే రోగం. ఆఫీసులో అటెండరు ఫైళ్ళు తనే మోసుకెళ్ళడం మొదలుపెట్టాడు. దర్జీ బట్టల కొలతలు తీసుకుని, డబ్బు తర్వాతైనా ఇవ్వొచ్చులే అన్నాడు. అన్నాక, కాదు ఇప్పుడే ఇవ్వండి అని మాట మార్చాడు. చిన్నమ్మ కూతురు పళ్ళబుట్ట పట్టుకుని పరామర్శకు వచ్చి, ధనపాక్యాన్ని పక్కకు పిలిచి, ఎన్నాళ్ళన్నారు అని గుసగుసగా అడిగింది. (పళ్ళు నియమావళి ప్రకారం నిషిద్ధం. బుట్టను పేచ్చియమ్మాళ్ స్వాధీనం చేసుకుంది.)

ఇలా సాగుతుండగా చెల్లెలు తమిళరసి, బావ వేలుచామి పసుపు రాసిన పత్రిక పట్టుకుని వచ్చారు. వాళ్ళకు పదేళ్ళు మొక్కితే పుట్టిన బిడ్డ ఓవియ. మూడేళ్ళు నిండాయి. నత్తం దగ్గరి పల్లెలో వాళ్ళ కులదైవం కరుప్పుసామి గుడి ముందు పుట్టువెంట్రుకలు తీయించి, చెవులు కుట్టించి, మొక్కు ప్రకారం మేకపోతును కొట్టి అందరికీ భోజనం పెడతారు. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవలసింది మేనమామ. మొదటి బంతిలో మొదటి ఆకు మేనమామది. అతను కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్ళు ఆకు ముట్టుకుంటారు. ఇది కరుప్పుసామి కంటే పాత చట్టం.

అళగర్‌సామి ఆ రాత్రే సంఘానికి దరఖాస్తు పెట్టాడు. తాను ఫలానా సభ్యుడిననీ, మేనమామ హోదాలో ఒక బంతిలో ఒక ముద్ద అన్నం తినవలసి ఉన్నదనీ, ఆ ఒక్క ముద్దకు మినహాయింపు దయచేయవలెననీ వేడుకున్నాడు. తన దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో 'దయచేయవలెను' అన్న మాట కనిపిస్తే చిరాకుపడే మనిషి, ఆ మాట రెండుసార్లు రాశాడు.

గుహవాసి నుంచి జవాబు వెంటనే వచ్చింది. 'ఆదిమకాలమున మేనమామ పదవి ఉన్నట్లు ఆధారములు లేవు. కావున మినహాయింపు నిరాకరించడమైనది. అయితే మేకపోతు ఉండెడిది. మాంసము అనుమతించడమైనది. పరిమితి లేదు.' కింద తేదీ.

ఉత్తర్వు స్పష్టంగా ఉంది. అళగర్‌సామి దాన్ని రెండుసార్లు చదువుకుని, ఫోను దిండు కింద పెట్టుకున్నాడు. ఒక్క ముద్ద తింటే కొంప మునగదు గదా అని ధనపాక్యం అన్నది. ముద్ద గురించి కాదు, ఒకసారి తెరిచిన ఫైలు మూతపడదు అన్నాడు అతను. అలా అంటున్నప్పుడు దుప్పటి కింద కాళ్ళు రెండూ దగ్గరికి లాక్కున్నాడు. అది చూసి ఆమె దీపం ఆర్పేసింది.

గుడి దగ్గర అంతా సక్రమంగానే మొదలైంది. మేనమామ లాంఛనాలుగా పట్టుపావడా, వెండి పట్టీలు, బంగారు కమ్మలు, పళ్ళేలు మేళంతో వచ్చాయి. ఓవియ మామ ఒళ్ళో కూర్చుని, గుండు చేస్తుంటే నవ్వి, చెవి కుట్టగానే మామ బొటనవేలు కసుక్కున కొరికింది. వేలి మీద పళ్ళగాట్లు చూసుకుని అళగర్‌సామి కళ్ళు తుడుచుకున్నాడు. నొప్పికో, ప్రేమకో ఎవరూ అడగలేదు. తర్వాత తడికెల పందిట్లో అరిటాకులు వేశారు.

ఇక్కడ బంతిభోజనాల శాస్త్రం కొంచెం చెప్పుకోవాలి. విందులో అన్నం ఆహారం కాదు. అది మాంసానికి కాపలా. ముందు ఆకు మీద అన్నం గుట్టగా పోస్తారు, దాని మీద పులుసు పోస్తారు, పక్కన నాలుగు ముక్కలు వేస్తారు. మనిషి ఆ గుట్టను తవ్వుకుంటూ ముక్కల దగ్గరికి చేరేసరికి కడుపు నిండిపోతుంది. ఇలా ఒక మేకపోతు అయిదు బంతులకు సరిపోతుంది. తరతరాలుగా మన గౌరవమర్యాదలన్నీ ఈ లెక్క మీదే నిలబడి ఉన్నాయి. అన్నం తినని మనిషి బంతిలో కూర్చోవడమంటే, కాపలా లేని ఖజానా దగ్గర దొంగను కూర్చోబెట్టడమే.

వడ్డన పెద్ద సడయాండి అనే ముసలాయన. అన్నం పళ్ళెం రాగానే అళగర్‌సామి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, మాంసం మాత్రం వెయ్యమన్నాడు. మేనమామ హాస్యమాడుతున్నాడనుకుని సడయాండి నవ్వి ఒక గరిటె వేశాడు. మొదటి ముద్ద స్థానంలో ముక్క నోట్లో పెట్టుకుని అళగర్‌సామి బంతి ప్రారంభించాడు. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు గానీ, ఆకలి మీదున్నారు కాబట్టి సర్దుకుపోయారు. గరిటెడు మాంసానికి కడుపు నిండదు. ఇంకొంచెం అడిగాడు. మళ్ళీ అడిగాడు. కాలేయం అడిగాడు. మూలుగ ఎముకలు అడిగాడు. అడిగినప్పుడల్లా మర్యాదగానే అడిగాడు. అనుమతి ఉన్నవాడికి మొహమాటం ఎందుకు? నాలుగో విడతకు ఆకు ఫోటో తీసి సంఘానికి పంపితే, 'ఆదర్శ విస్తరి' అన్న ముద్ర పడింది. ఊరూరి నుంచి సభ్యులు అభినందించారు.

పందిట్లో అభినందనలు లేవు. సడయాండి బకెట్టును అటువైపు తీసుకెళ్ళడం మానేసి, చుట్టూ తిరిగి అవతలి బంతికి వెళుతున్నాడు. రెండో బంతికి నిలబడినవాళ్ళు అళగర్‌సామి దవడల కదలికను చూస్తున్నారు. అందరికంటే ముందు నోరు విప్పింది చెల్లెలి అత్తగారు రాక్కాయి. ఎవరితోనూ కాకుండా, పందిరి గుంజతో చెబుతున్నట్టు అంది. "మేనమామ పళ్ళేలు పట్టుకొస్తా ఉంటే ఎంత గొప్ప మనసో అనుకుంటి. మేకపోతుని ఎత్తుకపోయేదానికి వచ్చినాడని నాకేం తెలుసు."

నవ్వులు వినిపించాయి. బావ వేలుచామి మొహం మాడిపోయింది. అతను వచ్చి, బంధువుల ముందు పరువు పోతోందనీ, తినకపోతే తినకపోయారు గానీ తమ ఇంటి అన్నాన్ని చేత్తో నెట్టెయ్యడం ఏమిటనీ, పదేళ్ళ మొక్కును అవమానించినట్టు కాదా అనీ అడిగాడు. అళగర్‌సామి ఫోను తీసి ఉత్తర్వు చూపించాడు. పరిమితి లేదు అన్న మాట మీద వేలు పెట్టి మరీ చూపించాడు. వేలుచామి ఆ ఫోనును, తర్వాత బావగారిని, తర్వాత ఫోనును చూసి, వెళ్ళి పొయ్యిల వెనక నిలబడ్డాడు. గొడవపడి ఉంటే బాగుండేది.

అప్పుడు తమిళరసి వచ్చింది. చేతిలో చిన్న పళ్ళెం, అందులో పులుసు కలిపిన అన్నం. అన్న ఆకు ముందు గొంతుకూర్చుని, చుట్టూ ఎవరూ లేనట్టు చిన్నగా మాట్లాడింది.

"తిను అన్నా."

"నీకు తెలవదా తమిళూ. నాన్న కాలు..."

"నాకు తెలవదా? ఆ కాలికి కట్టు కట్టింది నేనే గదా. నువ్వు బయట కాగితాలు పట్టుకుని తిరగతా ఉంటివి." ఆమె ముద్ద చేసింది. "ఒక్క ముద్దకి కాలు పోదన్నా. ఒక్క ముద్ద తినకపోతే చెల్లెలు పోతాది. నీ ఇష్టం."

అళగర్‌సామి ఆమె చేతివైపు చూశాడు. చేతిలోని ముద్ద వైపు చూశాడు. సీరగ సంబా బియ్యం, చిన్నచిన్న మెతుకులు, నెయ్యి వాసన, మిరియాల పులుసు. దీనికి నియమావళిలో ఏ ఖండం వర్తిస్తుందో వెతుక్కున్నాడు. ఏదీ తట్టలేదు. నోరు తెరిచాడు. ఆమె పెట్టింది. అతను నమిలాడు. రెండో ముద్దకు ఆమె అడగలేదు, అతనూ వద్దనలేదు. పొయ్యిల వెనక నుంచి వేలుచామి వచ్చి, సడయాండి చేతిలోంచి గరిటె లాక్కుని, బావగారి ఆకులో తనే ఇంత మాంసం వేశాడు. రాక్కాయి పందిరి గుంజతో, ఎంతైనా పెద్దింటి మనిషి అని చెప్పింది.

మూడో ముద్ద గొంతు దిగకముందే జేబులో ఫోను మోగింది. 'సభ్యుడు అన్నం తింటూ ప్రత్యక్షంగా పట్టుబడినందున తక్షణమే తొలగించడమైనది. గుహవాసి.' కింద తేదీ, ఈసారి వేళతో సహా.

ప్రత్యక్షంగా అంటే ఎక్కడి నుంచి అని అళగర్‌సామి తలెత్తి చూశాడు. బంతిలో రెండు ఆకుల అవతల వేలుచామి అన్న కాత్తవరాయన్ కూర్చుని ఉన్నాడు. ఆయనకు నత్తంలో బియ్యం మిల్లు ఉంది. కుడిచేత్తో రసం అన్నం జుర్రుకుంటున్నాడు. ఎడంచేత్తో ఫోనును చొక్కా జేబులో పెట్టుకుంటున్నాడు.

చేతులు కడుక్కునే తొట్టి దగ్గర అళగర్‌సామి ఆయన్ను కలుసుకున్నాడు.

"గుహవాసి మీరేనా బావగారూ?"

"బయట అనొద్దు బావా. పరిపాలన కష్టం అయితాది."

"మీ ఆకులో అన్నం ఉండె. పాయసం కూడా ఉండె."

"నేను సభ్యుణ్ణి కాను గదా." కాత్తవరాయన్ పుక్కిలించి ఉమ్మి, తువ్వాలుతో మీసాలు తుడుచుకున్నాడు. "నిబంధనలు సభ్యులకి బావా."

మేకపోతు తన సొంత తమ్ముడిదని తెలిసి కూడా పరిమితి లేదని ఎలా రాశారని అళగర్‌సామి అడిగాడు. మనవాళ్ళని చూసి నిబంధన మారిస్తే ఇంక సంఘం ఎందుకు అని ఆయన జవాబిచ్చాడు. ఇందులో అళగర్‌సామికి అభ్యంతరం కనిపించలేదు. మిగిలింది ఒకే సందేహం. బియ్యం మిల్లు పెట్టుకుని, బియ్యం తినొద్దనే సంఘం నడపడం ఎలా కుదురుతుంది?

కాత్తవరాయన్ ఆ ప్రశ్నకు కొంచెం నొచ్చుకున్నాడు. "నా మిల్లు లేకపోతే మీ సంఘానికి మనుషులు యాడ నుంచి వస్తారు బావా?" అని, వక్కాకు కోసం వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో అళగర్‌సామి ఫోను తీసి చూస్తూ, మళ్ళీ జేబులో పెట్టుకుంటూ కూర్చున్నాడు. ఇక అన్నం మొదలుపెడతాడేమోనని పేచ్చియమ్మాళ్ ఆశపడింది. ధనపాక్యం భయపడింది. రెండూ జరగలేదు. మర్నాడు ఆమె ఎప్పటిలాగే మునగాకు గుడ్లు పొరటి పెట్టింది, అతను తిన్నాడు. సాయంత్రాలు ఇద్దరూ కలిసి నడకకు వెళ్ళేవాళ్ళు. బస్టాండు పక్క బిర్యానీ వాసన వచ్చే వీధి తప్పించి, మలైకోట్టై కొండకోట వైపు వెళ్ళి వచ్చేవాళ్ళు. సంఘంలో పెండింగులో ఉన్న చింతపండును ఆమె సొంత అధికారంతో మంజూరు చేసుకుంది. పులుసు రుచి మారింది. ఆదివారాలు తమిళరసి బిడ్డను తీసుకొచ్చేది. ఓవియ మామ ప్లేటులోంచి చేపముక్కలు ఏరుకు తినేది. ఆ ఒక్కరోజు అతను రెండు ముద్దలు అన్నం తినేవాడు, మిగతా ఆరు రోజులూ ముట్టేవాడు కాదు. డాక్టరమ్మ మొదట్లో నోటితో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే.

అయినా మనిషిలో కళ లేదు. ప్లేటు ముందుకు రాగానే చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయేది. ఫోటో తీసేవాడు కూడా. పంపడానికి ఎవరూ లేక, దాన్ని కాసేపు తనే చూసుకుని తుడిచేసేవాడు. తిన్నది సక్రమమో అక్రమమో చెప్పేవాళ్ళు లేని జీవితం అతనికి ఉప్పులేని కూరలా ఉంది.

కార్తీకంలో మళ్ళీ రక్తపరీక్ష చేయించారు. డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు తిప్పి చూసి, ఇంత బాగా వస్తుందని నేనూ అనుకోలేదు, ఇలాగే కానివ్వండి అని ధనపాక్యానికి దణ్ణం పెట్టినంత పని చేసింది. మెట్లు దిగుతుంటే ధనపాక్యం మొహం వెలిగిపోతోంది. పక్కన మొగుడు, అప్పీలు కొట్టేసిన మనిషిలా నడుస్తున్నాడు.

"రిపోర్టు బాగుందంట గదా. ఇంకేం కావాలండీ మీకు?"

"బాగుందని ఎవరు చెప్పాలి?"

"డాక్టరమ్మ చెప్పింది గదా."

"ఆమె గ్రూపులో లేదు" అన్నాడు అళగర్‌సామి.

ఆ రాత్రి కూర్చుని సంఘానికి పునఃప్రవేశం కోరుతూ దరఖాస్తు రాశాడు. జరిగిన అపరాధాన్ని ఒప్పుకున్నాడు. చెల్లెలి ప్రేమను 'అనివార్య పరిస్థితి' అని పేర్కొన్నాడు. తన నడవడికి రుజువుగా, ఆ రోజే అందిన రిపోర్టును గర్వంగా జతచేశాడు. ఇంత పకడ్బందీ దరఖాస్తు తన బల్ల మీదికి కూడా ఎన్నడూ రాలేదని అతనికి అనిపించింది.

చక్కెర విభాగం, కొవ్వు విభాగం, కాలేయ విభాగం దాన్ని వరుసగా పరిశీలించాయి. జవాబు తెల్లారేసరికి వచ్చింది. 'దరఖాస్తుదారుని రక్తములో చక్కెర, కొవ్వు సాధారణ స్థాయిలో ఉన్నట్లు రుజువగుచున్నది. ఆరోగ్యవంతులకు సంఘములో ప్రవేశము లేదు. దరఖాస్తుదారుడు అనర్హుడు. తగిన వ్యాధి సంపాదించుకొని, తాజా రిపోర్టుతో మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చును.' సంతకం, తేదీ.

అళగర్‌సామి దాన్ని ఒక అక్షరం వదలకుండా చదివాడు. ముప్పై ఏళ్ళుగా పరాయి కాగితాల్లో తప్పులు పట్టిన కళ్ళు అవి. ఈ ఉత్తర్వులో ఒక్క తప్పు కనిపించలేదు. వంటగదిలోకి వెళ్ళి, పూటకు ఆరు చొప్పున ఇడ్లీలు పెట్టమని భార్యకు చెప్పాడు.

ఆమె చేతిలోని మునగాకు రెమ్మ పక్కన పెట్టి, ఎందుకని అడిగింది.

"అర్హత కోసం" అన్నాడు.